పొద సాల్వియాల కోసం కొన్న కత్తిరింపు సెట్టు: ఏడాది వాడకం తర్వాత

పొదగా పెరిగే సాల్వియా అనే పూలమొక్కలను కత్తిరించడానికి, ఆ కొమ్మల నుంచే కొత్త మొక్కలు చేసుకోవడానికి కావలసినవన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్న సెట్టును గత ఏడాది వసంతం మొదట్లో తెప్పించుకున్నాను. అందులో కొమ్మలు కోసే ఒక సికేచర్, సన్నని మొనలున్న చిన్న కత్తెర, వేళ్లు పుట్టించే హార్మోన్ పౌడరు డబ్బా, ముక్కలు నాటుకునే 24 గుంటల ప్లాస్టిక్ పళ్లెం (ప్రోట్రే), దాని మీద బోర్లించే పారదర్శకమైన మూత, నానబెట్టుకునే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక, చిన్న సంచిలో పెర్లైట్, పేర్లు రాసి గుచ్చుకునే ప్లాస్టిక్ పట్టీలు, 16 పేజీల సూచనల పుస్తకం ఉన్నాయి. తయారీదారు పేరు రాయడం లేదు. దాదాపు ఇదే సరుకుతో వేర్వేరు పేర్ల మీద ఇలాంటి సెట్లు దొరుకుతున్నాయి కాబట్టి, ఏది కొనాలనుకునేవారికైనా ఇక్కడ రాసినది పనికివస్తుంది. తీర్పు ముందే చెప్పేస్తాను: సికేచర్ చాలా మంచిది, ట్రే ఫరవాలేదు, పౌడరు లేకపోయినా పెద్దగా లోటు లేదు, పుస్తకం మాత్రం నా తోటలో ఒక మంచి పొదను పొట్టన పెట్టుకుంది.

ఈ పెట్టెను పరీక్షించడానికి నా దగ్గర ఏడు పొదలున్నాయి. రెండు గ్రెగీలు, రెండు మైక్రోఫిల్లాలు, ఆ రెండు జాతుల సంకరమైన జామెన్సిస్ ఒకటి, ఊదారంగు మఖమలు కంకులు వేసే ల్యూకాంథా ఒకటి, వంటల్లో వాడే సేజ్ అయిన అఫిసినాలిస్ ఒకటి. సాల్వియా ప్రజాతిలో వెయ్యికి దగ్గరగా జాతులు ఉన్నాయని లెక్క. తులసి, పుదీనాలున్న కుటుంబమే దీనిదీ. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తే నాలుగు పలకలు తగులుతాయి, ప్రతి కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ఆ రెండు ఆకుల మూలాల్లోనూ ఒక్కొక్క మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. కత్తిరింపు పనికి ఈ చివరి సంగతే ఆధారం. కణుపుకు కొంచెం పైన ఒక్క కోత పెడితే సాధారణంగా రెండు రెమ్మలు లేస్తాయి. గ్రెగీ, మైక్రోఫిల్లా, వాటి సంకరాలు అమెరికాలోని టెక్సస్ వైపు నుంచి, మెక్సికో కొండవాలుల నుంచి వచ్చినవి. గ్రెగీకి ఆ పేరు 19వ శతాబ్దపు వర్తకుడు, అన్వేషకుడు జోసయా గ్రెగ్ మీదుగా వచ్చింది. జామెన్సిస్ అన్న మాట మెక్సికోలోని హామె అనే ఊరి పేరులోంచి పుట్టింది. రాళ్ల మధ్య, నీరు నిలవని చోట, ఎండలో బతకడానికి అలవాటుపడిన మొక్కలు కాబట్టి వీటికి కరువు కంటే తడికాళ్ల భయమే ఎక్కువ. ఈ మాటను గుర్తుంచుకుంటే ట్రే మూత గురించి తర్వాత చెప్పబోయే ఫిర్యాదు సులభంగా అర్థమవుతుంది.

కత్తిరింపు, కొత్త మొక్కల తయారీ అన్న రెండు పనులనూ ఒకే పెట్టెలో చేర్చడం అమ్మకపు ఎత్తుగడలా కనిపించవచ్చు గానీ, సాల్వియాల విషయంలో అది సరైన ఆలోచనే. ఈ పొదలు కొత్త రెమ్మల కొసల్లో పూస్తాయి, కింది భాగం ఏడాదికేడాది కర్రబారుతుంది. కత్తిరించకుండా వదిలితే మూడో ఏటికల్లా కాళ్లు బోసిపోయి, పూలు కొసల్లో మాత్రమే మిగిలి, గాలికి మధ్యలోంచి విరుచుకుపడతాయి. ఎంత శ్రద్ధగా కత్తిరించినా నాలుగైదేళ్లకు చాలా పొదలు అలసిపోతాయి. అప్పటికి వాటి కొమ్మల నుంచి చేసుకున్న పిల్లమొక్కలు సిద్ధంగా ఉండాలి. సంకరరకాలను గింజతో పెంచితే తల్లి పోలిక నిలవదు, కాబట్టి కొమ్మ ముక్కలే దారి. పెద్ద పొదను కత్తిరించిన రోజున కింద పడిన రెమ్మల్లో మంచివి ఏరితే అదే రోజు నాటుకోవడానికి ముక్కలు దొరుకుతాయి. అంటే రెండూ వేర్వేరు పనులు కానే కావు.

సికేచర్ సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ పెట్టెలో డబ్బుకు విలువ ఉన్న వస్తువు అదే. ఇది బైపాస్ రకం: పదునైన వంపు బ్లేడు, కింద ఉన్న కొక్కెం లాంటి మొద్దు దవడను రాసుకుంటూ పక్కగా దాటిపోతుంది. మార్కెట్లో దీనికి పోటీగా ఉండే అన్విల్ రకంలో బ్లేడు చదునైన పలక మీదికి నేరుగా దిగుతుంది. ఎండిపోయిన కట్టెకు అది బాగానే ఉంటుంది గానీ, సాల్వియా లేత కాండాన్ని కోయడానికి బదులు నలిపేస్తుంది. నలిగిన కొస ఎండి నల్లబడి, ఆ నలుపు కిందికి దిగి, ఒక్కోసారి కణుపులోని మొగ్గను కూడా తినేస్తుంది. ఈ సెట్టు తయారుచేసినవారు బైపాస్ రకాన్ని ఎంచుకున్నందుకు మెచ్చుకోవాలి. పొడవు 21 సెంటీమీటర్లు, పట్టు మీద పలచని రబ్బరు తొడుగు, చిన్న చేతికి కూడా కొంచెం బిగువుగానే ఇమిడే వెడల్పు ఉన్నాయి. చిటికెనవేలంత లావు కొమ్మ వరకు ఒక్క నొక్కుతో తెగుతుంది. సాల్వియాలలో అంతకంటే లావు కొమ్మ అరుదు కాబట్టి, పెట్టె మీద గొప్పగా వేసిన 20 మిల్లీమీటర్ల సామర్థ్యాన్ని నేను పరీక్షించే అవసరమే రాలేదు.

దీనితో కోసే పద్ధతిలో ఒక చిన్న కిటుకు ఉంది, పుస్తకం దాన్ని చెప్పలేదు. సన్నని బ్లేడు ఎప్పుడూ మొక్క మీద మిగిలే భాగం వైపు ఉండాలి, మొద్దు దవడ తెగి పడిపోయే ముక్క వైపు ఉండాలి. ఎందుకంటే దవడ ఆనుకున్న వైపు బెరడు ఎంతో కొంత నలుగుతుంది. సికేచర్‌ను తిప్పి పట్టుకోవాలంతే, కాని ఆ అలవాటు చేతికి రావడానికి నాకు రెండు పొదలు పట్టింది. అలాగే గులాబీకి చెప్పినట్టు ఏటవాలుగా కోయాలన్న నియమం ఇక్కడ అంత అవసరం లేదు. గులాబీకి మొగ్గ ఒక వైపే ఉంటుంది, సాల్వియాకు ఎదురెదురుగా రెండున్నాయి. ఏటవాలుగా పెడితే కోత ఒక మొగ్గ నెత్తి మీదికి వస్తుంది, రెండోదానికి దూరమవుతుంది. జంటకు పావు అంగుళం పైన అడ్డంగా, చదునుగా కోయడమే మంచిది.

సాల్వియా ఆకుల్లోని సువాసన నూనె కత్తికి జిడ్డుగా అంటుకుంటుంది. నాలుగో పొదకు వచ్చేసరికి బ్లేడు మీద గోధుమరంగు పొర కట్టి, దవడలు కొద్దిగా అతుక్కున్నట్టు మొరాయించాయి. గుడ్డను 70 శాతం ఆల్కహాల్‌లో తడిపి తుడిస్తే జిడ్డు పోతుంది, ఒక మొక్క తెగులు ఇంకో మొక్కకు చేరకుండా కూడా ఉంటుంది. బ్లేడును ఒక స్క్రూ విప్పి బయటికి తీయవచ్చు, విడిగా కొత్త బ్లేడు కూడా అమ్ముతున్నారు. కార్బన్ ఉక్కు కాబట్టి తడిగా వదిలేస్తే రాత్రికి రాత్రే తుప్పు చుక్కలు కనిపిస్తాయి, అదే కారణాన సానరాయికి తొందరగా లొంగుతుంది. ఏటవాలుగా ఉన్న వైపే సాన పట్టాలి, చదునైన వైపు మీద రాయిని ఊరికే ఒకసారి పరుచుకున్నట్టు లాగి లేచిన అంచును తీసేస్తే చాలు. ఏడాదిలో మూడుసార్లు సాన పట్టాను, ఇప్పటికీ కాగితాన్ని చీల్చకుండా కోస్తుంది.

ఒక్క లోపం తాళం కొక్కెం. బొటనవేలి కింద ఉండే ఆ చిన్న కొక్కెం పని మధ్యలో తనంతట తానే జారి దవడలను మూసేస్తుంది. చేతికి తొడుగు వేసుకున్నప్పుడు ఇంకా ఎక్కువ. పొద మధ్యలోకి చేయి దూర్చి, ఎంతో ఏరి ఒక కొమ్మను పట్టుకున్న క్షణంలో సికేచర్ మూసుకుపోతే వచ్చే విసుగు తోటపని చేసేవారికి చెప్పనక్కర్లేదు. ఎడమచేతి వాటం ఉన్నవారికి ఈ కొక్కెం మరీ తప్పు వైపున ఉంది. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఉన్న మనిషి రెండు నిమిషాలు వాడి, దాన్ని మారు మాట లేకుండా నా చేతిలో పెట్టేశారు. చిన్న కత్తెర గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వాడిన పూకంకులను తుంచడానికి, లేత కొసలు గిల్లడానికి బాగుంది, పోగొట్టుకోవడానికి వీలైనంత చిన్నదిగా కూడా ఉంది.

ఇక పుస్తకం. రంగురంగుల బొమ్మలతో అందంగా అచ్చువేసిన ఈ పుస్తకంలో 11వ పేజీలో, పూత అయిపోయాక చలి మొదలవకముందే సాల్వియాలన్నిటినీ నేల నుంచి జానెడు ఎత్తుకు కోసేయమని రాశారు. నేను అంతకుముందు వసంతంలో మాత్రమే కత్తిరించేదాన్ని కాని, పెట్టెను పరీక్షిస్తున్నాను కదా అని ఆ మాట ప్రకారం రెండు పొదలను కోశాను. ఒకటి అయిదేళ్ల గ్రెగీ, ముదురు గులాబీ రంగుది. రెండోది హాట్ లిప్స్ అన్న పేరుతో అందరూ ఎరిగిన ఎరుపు తెలుపుల మైక్రోఫిల్లా. మిగిలిన అయిదింటి జోలికి పోకపోవడం నా అదృష్టం. చలికాలం గడిచి రాత్రులు వెచ్చబడ్డాక, కోయని పొదలన్నీ చిగుళ్లు వేస్తుంటే ఈ రెండూ మోళ్లుగానే నిలబడ్డాయి. బెరడు మీద గోటితో గీకి చూశాను. బతికున్న కొమ్మలో బెరడు కింద తడి ఆకుపచ్చ కనిపించాలి. గ్రెగీలో ఒక్కొక్క మోడునూ పైనుంచి కిందికి గీసుకుంటూ వెళితే పైనా గోధుమరంగే, మొదలంటా గోధుమరంగే. హాట్ లిప్స్ మాత్రం ఒక పక్క నేలను ఆనుకుని ఉన్న రెమ్మల నుంచి తేరుకుంది. ఇప్పటికీ పొద ఒంటిపక్కగా, తల దువ్వుకున్నట్టు వాలి ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో పుస్తకాన్ని మళ్లీ చదివితే తెలిసింది. నెమరోసా లాంటి సాల్వియాలు చలికాలంలో పైభాగమంతా ఎండిపోయి, వసంతంలో నేలలోని మొదలు నుంచి కొత్తగా లేచే రకాలు. వాటిని నేలమట్టంగా కోసినా నష్టం లేదు. పుస్తకం రాసినవారు వాటికి చెప్పవలసిన మాటను పొదలకు కూడా అంటగట్టారు. పొద సాల్వియాల కథ వేరు. ఆకు లేని పాత కర్రలో నిద్రమొగ్గలు తక్కువ, కొన్నిచోట్ల అసలు ఉండవు. ఆ కర్రలోకి కోస్తే తిరిగి చిగురించడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం. చలి ముందు కోస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. కోత వల్ల పుట్టిన లేత చిగుళ్లు ముదిరేలోపే చలికి మాడిపోతాయి, మొదలును కప్పి కాపాడే పైకొమ్మలు కూడా అప్పటికి ఉండవు. అందుకని చలికాలమంతా పొదను చిందరవందరగా కనిపించినా అలాగే వదిలేసి, గట్టి చలి వెనకపట్టిందని తేలాక, కొమ్మల కిందిభాగంలో చిగుళ్లు గింజంత లావైనప్పుడు, అసలు కత్తిరింపు చేయాలి. పొద ఎత్తులో మూడోవంతు నుంచి సగం వరకు తీయవచ్చు. ఎంత కిందికి దిగినా ప్రతి కొమ్మ మీద కనీసం ఒకటి రెండు జతల పచ్చని ఆకులో, స్పష్టంగా కనిపించే చిగుళ్లో మిగలాలి. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, అగ్గిపుల్లంత సన్ననివి మొదటికంటా తీసేయాలి. మొదటి విడత పూత తగ్గాక, కొసల నుంచి మూడోవంతు పైపైన కోస్తే నెల, నెలన్నరలో మళ్లీ పూస్తాయి. చలి గట్టిగా ఉండని చోట ఈ పైపై కోతలు ఏడాదిలో రెండు మూడుసార్లు పెట్టుకోవచ్చు.

ఈ ఏడు పొదల్లోనూ ఒకే నియమం చెల్లదు, పుస్తకం దాన్నీ పట్టించుకోలేదు. ల్యూకాంథా ప్రతి ఏడూ మొదలు నుంచి కొత్త పిలకలు వేస్తుంది కాబట్టి, ఆ పిలకలు పైకి కనిపించాక పూసిన పాత కాడలను వాటి మీదికంటా కోసేయవచ్చు. అఫిసినాలిస్ దీనికి పూర్తిగా ఎదురు. పాత కర్రలోకి కోస్తే దాదాపు క్షమించదు, ఏటా ఆకు ఉన్న మేరకే పైపైన గుండ్రంగా కత్తిరించాలి. రోజ్‌మేరీని పెంచేవారికి ఈ స్వభావం తెలిసే ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞులు 2017లో రోజ్‌మేరీని కూడా సాల్వియా ప్రజాతిలోనే కలిపేశారు, దాని శాస్త్రీయ నామం ఇప్పుడు సాల్వియా రోస్మరినస్.

చచ్చిన గ్రెగీ వంశం నా తోటలో నిలిచిందంటే అది ఈ పెట్టెలోని ట్రే చలవే. మొదటి విడత ముక్కలను వేసవి మొదట్లో, రెమ్మలు లేతగా ఉన్నప్పుడే పెట్టాను. ఎండ ఎక్కకముందే, రాత్రి తేమతో రెమ్మలు బిర్రుగా ఉన్నప్పుడు కోయడం మేలు. పూమొగ్గ లేని రెమ్మను ఎంచుకుని, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుకు, కణుపుకు సరిగ్గా కింద కోయాలి. పొద మీద కోత కణుపుకు పైన, ముక్క అడుగున కోత కణుపుకు కింద అన్న తేడాను కొత్తవారు తరచు తారుమారు చేస్తారు. వేళ్లు ముందుగా ఆ కణుపు దగ్గరే పుడతాయి. కింది రెండు జతల ఆకులను పక్కకో కిందికో లాగకుండా, చిన్న కత్తెరతో కాండానికి దగ్గరగా కత్తిరిస్తే బెరడు చీలదు. పూమొగ్గ లేని రెమ్మ దొరకకపోతే కొస గిల్లేయాలి, లేకపోతే ముక్కలో ఉన్న కాస్త బలమూ పువ్వుకే పోతుంది. పెన్సిలుతో గుంటలో రంధ్రం చేసి, ముక్కను దించి, చుట్టూ రెండు వేళ్లతో అదిమి, ట్రేను నీళ్లున్న పళ్లెంలో పది నిమిషాలు ఉంచితే తడి అడుగు నుంచి పైకి వస్తుంది. 24 గుంటలు నింపేసరికి గంట పట్టింది. చేతుల నిండా మైక్రోఫిల్లా ఆకు వాసన సాయంత్రం వరకు పోలేదు.

కోకోపీట్ ఇటుక నానబెడితే ట్రే నింపగా ఇంకా సగం మిగిలింది. కడగకుండా వాడితే ఉప్పు ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండుసార్లు నీళ్లు పోసి పిండుకున్నాను. పెర్లైట్ విషయంలో మాత్రం పిసినారితనం చేశారు. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజును బాగా వేడిచేసి పేలాల్లా ఉబ్బించిన తెల్లని గుళికలు. వేళ్ల దగ్గర గాలి ఆడడానికి, ఎక్కువైన నీరు జారిపోవడానికి సాల్వియా ముక్కలకు కోకోపీట్‌తో సమానంగా అది కావాలి. ఇచ్చిన సంచి పావు వంతుకు కూడా రాలేదు. మిగిలినదానికి కడిగిన ముతక ఇసుక కలిపాను. అన్నట్టు పెర్లైట్ సంచి విప్పగానే లేచే పొడి ముక్కుకు మంచిది కాదు, విప్పేముందు సంచిలోకి కాసిని నీళ్లు చల్లడం మంచిది. దీన్ని పుస్తకం కూడా చెప్పింది, ఆ మాత్రం మేలు ఒప్పుకోవాలి.

హార్మోన్ పౌడరు మీద ఐబీఏ 0.3 శాతం అని ఉంది. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం అన్నది దాని పూర్తి పేరు. కొమ్మ ముక్కలకు వేళ్లు పుట్టించే దాని గుణం 1930ల మధ్యలో బయటపడింది. ఇప్పటికీ నర్సరీలలో ఎక్కువగా వాడేది అదే. సాధారణంగా లేత రెమ్మలకు 0.1 శాతం, సగం ముదిరినవాటికి 0.3, గట్టి కర్రకు 0.8 చొప్పున వాడతారు. పెట్టెలో ఒకే డబ్బా ఇచ్చి, అన్నిటికీ అదే అద్దమన్నారు. నేను మొదటి విడత 24 ముక్కల్లో 12 పౌడరు అద్ది, 12 అద్దకుండా పెట్టాను. రెండు వరుసల్లోనూ పదేసి వేళ్లూనాయి. అద్దినవి మూడు నాలుగు రోజులు ముందుగా కదలకుండా పట్టుకున్నాయి, కాని పోయిన రెండు ముక్కల అడుగు బొగ్గులా నల్లబడింది. లేత కాండానికి మోతాదు ఎక్కువైతే అలాగే అవుతుంది. ఇంత చిన్న లెక్కతో ఏదీ రుజువు కాదని తెలుసు. అయినా పొదలోంచి నేలకు ఒరిగిన కొమ్మ తనంతట తానే వేళ్లు వేసే మొక్కకు, గాజుగ్లాసులో నీళ్లలో పెట్టినా వేళ్లు తొడిగే మొక్కకు పౌడరు తప్పనిసరి అని అమ్మడం కొంచెం ఎక్కువే. అఫిసినాలిస్‌కు మాత్రం వేసవి చివర పెట్టిన సగం ముదురు ముక్కల్లో అది ఉపయోగపడినట్టు కనిపించింది: అద్దిన ఆరింటిలో నాలుగు, అద్దని ఆరింటిలో రెండు నిలబడ్డాయి. డబ్బా మూత సరిగా బిగుసుకోదు కాబట్టి తేమ చేరి పౌడరు ఉండలు కట్టింది. కావలసినంత వేరే మూతలోకి ఒంపుకుని అద్ది, మిగిలినది పారేయాలి గానీ తడి ముక్కలను నేరుగా డబ్బాలో ముంచకూడదు.

ట్రే గుంటలు లోతుగా ఉన్నాయి, అడుగున వేలుపట్టేంత రంధ్రం ఉంది. కింది నుంచి నొక్కితే మొక్క వేళ్లతో సహా విరగకుండా పైకి వస్తుంది. దీన్ని రూపొందించిన మనిషి ఎవరో నిజంగా మొక్కలు పెంచినవారే. మూత చేసినవారు మాత్రం ఇంకెవరో అయి ఉంటారు. దానికి బొత్తాం అంత వెడల్పున్న గాలిద్వారాలు రెండే ఉన్నాయి. అయిదో రోజు పొద్దున మూత లోపలివైపు నీటిబొట్లు వరుసలు కట్టి, మధ్యలో ఉన్న ముక్కల ఆకుల మీద టపటపా రాలుతున్నాయి. మరో మూడు రోజులకు ఆ మధ్య వరుసలో బూడిదరంగు బూజు వచ్చింది. కోసిన ముక్కకు వేళ్లుండవు కాబట్టి ఆకు వాడకుండా చుట్టూ తేమ ఉండాలి, నిజమే. కాని ఎండుకొండల మొక్కకు ఆవిరిగదిలో కూర్చోబెట్టినంత తేమ అక్కర్లేదు. నూగు ఉన్న ల్యూకాంథా, అఫిసినాలిస్ ఆకులైతే తడిని స్పాంజిలా పట్టుకుని ఇంకా తొందరగా కుళ్లుతాయి. రెండో విడతలో మూత కింద ఒక మూల పుల్ల అడ్డంపెట్టి, రోజూ పొద్దున్నే మూత లోపలి నీటిని తుడిచి, పది నిమిషాలు తెరిచి ఉంచాను. అఫిసినాలిస్‌ను అసలు మూత కిందే పెట్టలేదు. బూజు మళ్లీ రాలేదు. ట్రేను నేరుగా ఎండ తగలని వెలుతురులో, అడుగు 20 డిగ్రీల వరకు వెచ్చగా ఉండే చోట ఉంచితే మూడు నాలుగు వారాల్లో ముక్కను మెల్లగా లాగినప్పుడు ఎదురులాగుడు తెలుస్తుంది.

వేళ్లు గుంట అడుగు రంధ్రంలోంచి తొంగిచూడగానే చిన్న కుండీల్లోకి మార్చాలి. ఆలస్యం చేస్తే గుంటలోనే చుట్టలు చుట్టుకుంటాయి. మార్చిన వారానికి కొస గిల్లితే ఒంటికాడగా సాగకుండా గుబురు కడుతుంది. గిల్లడానికి మనసొప్పదు, అప్పటికే చాలామటుకు చిన్న మొగ్గ కనిపిస్తూ ఉంటుంది.

పేర్ల పట్టీల మీద కూడా ఒక మాట చెప్పాలి. పెట్టెతో ఇచ్చిన కలం మీద చెరిగిపోని సిరా అని రాసి ఉంది, దానితో రాసినది రెండు నెలల్లో ఎండకు మాయమైంది. దాంతో ఏది హాట్ లిప్స్, ఏది ఎరుపు మైక్రోఫిల్లా అన్నది పువ్వు చూసి చెప్పుకోవలసి వచ్చింది. హాట్ లిప్స్‌కు ఎండలు ముదిరితే అచ్చం ఎర్రని పూలు, చల్లబడితే కొన్ని అచ్చం తెల్లనివి పూసే గుణం ఉంది. ఎర్రగా పూసిన పిల్లమొక్కను మామూలు ఎరుపు రకం అనుకుని పొరుగువారికి ఇచ్చాను. వాతావరణం చల్లబడగానే రెండు రంగులతో పూసి, నా మాటను అబద్ధం చేసింది. వారు సంతోషించారనుకోండి. పెన్సిలుతో రాసిన పట్టీలు మాత్రం ఇప్పటికీ చదవడానికి వస్తున్నాయి.

తాళం కొక్కెం గురించి, పుస్తకం గురించి తయారీదారుకు రాస్తే మూడు రోజుల్లో జవాబు వచ్చింది. కొత్త కొక్కెం ఉచితంగా పంపారు, అది పాతదానికంటే బిగువుగా ఉంది, ఇప్పటివరకు జారలేదు. పుస్తకం విషయంలో మాత్రం అవి సాధారణ సూచనలు మాత్రమేనని, వాతావరణాన్ని బట్టి మార్చుకోవాలని రాశారు. వాతావరణం సంగతి అటుంచి, పొదకూ నేలదాకా ఎండే మొక్కకూ ఉన్న తేడా గురించి నేను అడిగిన ప్రశ్నకు అందులో జవాబు లేదు.

సికేచర్ ఇప్పటికే ఉన్నవారు ఈ సెట్టు కొనవద్దు. ఒక ప్రోట్రే, కోకోపీట్, తగినంత పెర్లైట్ విడిగా కొనుక్కుని, పౌడరు మానేస్తే సరిపోతుంది. ట్రే కూడా వద్దనుకునేవారు పొదకు కింద ఉన్న ఒక పొడుగు కొమ్మను వంచి, నేలను తాకే కణుపు అడుగున బెరడు కొద్దిగా గీసి, వంచిన తీగముక్కతో మట్టిలోకి అదిమిపెట్టి నేల అంటు కట్టుకోవచ్చు. తల్లి నీళ్లతోనే పిల్ల బతుకుతుంది కాబట్టి కొన్ని నెలలు మరిచిపోయినా నష్టం లేదు. సికేచర్ లేనివారు, మొదటిసారి కొనేవారు మాత్రం నిస్సందేహంగా తీసుకోవచ్చు. ఆ ఒక్క పరికరం కోసమైనా పెట్టె విలువ చేస్తుంది.

చచ్చిపోయిన గ్రెగీ చోట దాని పిల్లమొక్కనే నాటాను. రెండుసార్లు కొస గిల్లిన తర్వాత మొదలు నుంచి ఆరు కొమ్మలతో నిలబడింది. ఈ సెట్టు చూసి ముచ్చటపడి తనకూ ఒకటి కొనుక్కున్న స్నేహితురాలి పుస్తకంలో 11వ పేజీని పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, పక్కన, చిగుళ్లు గింజంత అయ్యేదాకా కత్తెర ముట్టవద్దు అని రాసి ఇచ్చాను.